దీర్ఘరోగముగల తలిదండ్రులు – పిల్లల పెంపకము

(ఈ నెల కుటుంబ పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: 2 దినవృత్తాంతములు 21:12-20, అపొస్తలుల కార్యములు 28:7-10, యోహాను 9:1-3, నిర్గమకాండము 17:8-13, 1 తిమోతి 5:23.

కంఠస్థము చేయవలసిన వాక్యము: కీర్తనలు 103:13, 14.



ఈ నెల పాఠములో మేము వ్రాయబోవు సంగతి ప్రసంగ వేదిక మీద సాధారణముగా వినబడునది కాదు. ప్రేగులకు కలుగు దీర్ఘరోగమును గూర్చియు, అట్టి రోగముతోనున్న తండ్రియైనను తల్లియైనను బిడ్డలను ఏలాగు పెంచవలెనను దానిని గూర్చియు వ్రాయుచున్నాము. ఇది పదిమందిలో చెప్పుకొను మాట కాదని కొందరికి తోచవచ్చును. అయితే ఇశ్రాయేలీయులు పాళెము వెలుపల బహిర్భూమికి ఎక్కడికి వెళ్లవలెనో, దానిని మట్టితో ఏలాగు కప్పివేయవలెనో దేవుడు మోషేచేత వ్రాయించెను (ద్వితీ. 23:12, 13). పరిశుద్ధ గ్రంథము సిగ్గుపడని సంగతిని గూర్చి సంఘము సిగ్గుపడనేల?

ఇది వ్రాయుటకు మరియొక కారణముకూడ కలదు. ఆ రోగము మాకే కలదు. మాకు ఇద్దరు బిడ్డలు కలరు.

1. మేము దాచిన సంగతి

ఏడు సంవత్సరముల క్రితము, దాళ్వా ఊడ్పులు జరుగుచున్న దినములలో, మాకు విరేచనములో రక్తమును జిగటయు పడసాగెను. ఊరిలో వైద్యము చేయువారు మొలలు అనిరి. మేమును అట్లే నమ్మి ఆరు నెలలు పసరు మందులు త్రాగితిమి. రాత్రులు నాలుగైదుమార్లు లేచి పెరటిలోనికి పోవలసివచ్చెను. చొక్కాలు వదులైపోయెను. చివరకు కాకినాడలో ఒక వైద్యుడు గొట్టముతో ప్రేగు లోపల చూచి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఇది పెద్దప్రేగు లోపలి పొర పుండ్లుపడు రోగమనియు, దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అందురనియు చెప్పెను. “ఇది బీపీ, షుగరు లాంటిదేనండీ పాస్టరుగారూ. పూర్తిగా పోదు, కాని అదుపులో ఉంటుంది. బాగుందని మందు మాత్రం మానకండి” అనెను.

ఇంటికి వచ్చి మా ఇంటివారితో తప్ప ఎవరితోను చెప్పలేదు. పిల్లలకు బొత్తిగా చెప్పలేదు. చిన్నవారు, భయపడుదురు అనుకొంటిమి. నిజము చెప్పవలెనంటే, భయపడినది మేము.

ఒక మొదటి ఆదివారమున ప్రభురాత్రి భోజన సంస్కారము జరుగుచుండగా, రొట్టె పళ్లెము చేతిలో నుండగానే కడుపులో మెలిపెట్టెను. ఆగుటకు వీలులేక పళ్లెము బల్లమీద పెట్టి ప్రక్క వాకిలి గుండ వెళ్లిపోతిమి. పది నిమిషములు సంఘమంతయు మౌనముగా కూర్చుండెను. తిరిగివచ్చి, ఏమియు చెప్పకయే ఆరాధన ముగించితిమి. ఆ సాయంకాలము సంఘపెద్దలలో ఒకరు, ప్రేమతోనే, మా ఇంటికి వచ్చి, “అయ్యగారండీ, తప్పుగా అనుకోకండి. ప్రభువు ముందు ఒప్పుకోవలసిందేమైనా ఉండిపోయిందాండీ?” అని అడిగిరి. మేము ఏదో చెప్పి ఆయనను సాగనంపితిమి. ఆ మాట లోపలి గదిలోనుండి మా పెద్దమ్మాయి వినెనని మాకు తెలియదు. అప్పుడు ఆమెకు తొమ్మిదేండ్లు.

అంతకు రెండు వారముల ముందే సండేస్కూలులో మేమే యూదా రాజుల పాఠము చెప్పుచు, యెహోరాము ప్రేగుల రోగముతో రెండేండ్లు బాధపడి చనిపోయిన సంగతి చెప్పియుంటిమి. మా రోగమును మేము ఎరిగియుండియు, పాఠపుస్తకములో నున్నదున్నట్లు చెప్పి ఊరకుంటిమి.

తరువాత ఒక రాత్రి, రెండవ జామున, మేము పెరటి తలుపు గడియ తీయుచుండగా ఆ బిడ్డ చీకటిలో గోడకు ఆనుకొని కూర్చుండి యుండెను.

“నాన్నా, రెండేళ్లు ఎప్పటికి అవుతాయి?” అని అడిగెను.

“ఏ రెండేళ్లు తల్లీ?”

“ఆ రాజుకి పేగులు పాడైపోయి రెండేళ్లకి చచ్చిపోయాడన్నావు కదా. నీకెప్పుడు మొదలైంది?”

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆమె కొంచెము సేపు ఆగి మరల అడిగెను: “నువ్వేం చేశావు నాన్నా?”

సహోదరులారా, ఇరువది యేండ్ల పరిచర్యలో మమ్మును ఇంతగా తాకిన ప్రశ్న మరియొకటి లేదు. మన రోగమును మనము దాచినను బిడ్డ కనుగొనును. మనము చెప్పని కథను తానే అల్లుకొనును. తాను అల్లుకొనిన కథ నిజముకంటె భయంకరముగా నుండును. మా బిడ్డ ప్రతి రాత్రి గడియ చప్పుడులు లెక్కపెట్టి, లెక్కల పుస్తకము వెనుక అట్టమీద గీతలు గీసియుంచెను.

2. రెండు రోగశయ్యలు

మరునాటి సాయంకాలము కుటుంబ ప్రార్థనలో ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బైబిలు తెరచితిమి. ప్రేగుల రోగమును గూర్చి అందులో ఒక్క కథయే కాదు, రెండు కలవు. మేము సండేస్కూలులో ఒకటే చెప్పితిమి.

మొదటిది యెహోరాముది. ఇతడు రాజ్యము చేతికి రాగానే తన తమ్ములను చంపించెను. ప్రజలను విగ్రహములవైపు త్రిప్పెను. ఏలీయా యొద్దనుండి అతనికి పత్రిక వచ్చెను. అందులో అతని దోషమేదో, రాబోవు శిక్షయేదో స్పష్టముగా వ్రాయబడెను. అనగా ఆ రోగము శిక్ష అని మనకు తెలియుట రోగమును చూచి కాదు. దేవుడు ముందుగా ప్రవక్తచేత చెప్పించెను గనుక. ప్రవక్త పత్రిక తేకుండ పొరుగువాని రోగమునకు కారణము చెప్పుటకు మనకు అధికారము లేదు.

రెండవది పొప్లి తండ్రిది. ఓడ పగిలి మెలితే ద్వీపము చేరిన పౌలును అతనితోనున్నవారిని పొప్లి ఇంట చేర్చుకొని మూడు దినములు మర్యాద చేసెను. ఆ ఇంటిలో వృద్ధుడైన తండ్రి జ్వరముతోను రక్తవిరేచనములతోను పడియుండెను. పౌలు అతని దోషమేమని అడుగలేదు. ఒప్పుకోవలసినది ఉన్నదా అని విచారించలేదు. లోపలికి వెళ్లెను, ప్రార్థించెను, చేతులుంచెను. ఈ సంగతిని వ్రాసిన లూకాను పౌలే ప్రియుడైన వైద్యుడని పిలిచియున్నాడు (కొలొ. 4:14). రోగపు పేరును దాచక వ్రాయుట వైద్యుని చేతికి తగినది.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని అడిగినప్పుడు మన ప్రభువు ఆ రెండును కాదనెను. మా పెద్దమ్మాయికి మేము చెప్పినది ఇదే: “నాన్న పాపి కాడని కాదమ్మా. నాన్నకూడా రోజూ క్షమాపణ అడిగేవాడే. కాని ఈ జబ్బు దానికి శిక్ష కాదు. ఏలీయా నుంచి మనింటికి ఉత్తరం రాలేదు.” ఆ బిడ్డ అప్పుడు ఏడ్చెను. ఎన్ని నెలలనుండి ఆ ఏడ్పును అణచుకొనెనో.

3. ఈ రోగము ఎట్టిది

తెలియనిదానికే భయమెక్కువ. కాబట్టి వైద్యులు చెప్పినదానిని మేము గ్రహించినంత మట్టుకు వ్రాయుచున్నాము.

మన దేహములో క్రిములతో పోరాడుటకు దేవుడుంచిన శక్తి కలదు. కొందరిలో అది దారితప్పి స్వంత ప్రేగులమీదనే పోరాడుచుండును. అది పెద్దప్రేగు లోపలి పొరకు మాత్రము పట్టిన యెడల అల్సరేటివ్ కొలైటిస్ అందురు. నోటినుండి మలద్వారము వరకు ఎక్కడనైనను, ముఖ్యముగా చిన్నప్రేగు చివర, పట్టునది క్రోన్స్ వ్యాధి. రక్తము, జిగట, కడుపునొప్పి, అర్ధరాత్రి విరేచనములు, బరువు తగ్గుట, నీరసము దీని గురుతులు. కొన్ని నెలలు అణగియుండును, మరల రేగును. ఇది అంటురోగము కాదు. ఒకే కంచములో తినినను, ఒకే పక్కమీద పండుకొనినను బిడ్డలకు అంటదు.

ఇది పట్టణపువారి రోగమని ఒకప్పుడు అనుకొనుచుండిరి. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణ గ్రామములకు వెళ్లి పరీక్షలు జరిపి, పల్లెవారిలోను ఇది కలదని 2023లో ప్రకటించిరి. కావున లంక గ్రామమైనను, కాలువగట్టు పేట అయినను మనకు రాదని అనుకొనరాదు.

రక్తము పడినప్పుడెల్ల అమీబా అనియో మొలలనియో అంగడి మాత్రలు మ్రింగి కాలము గడపరాదు. మన దేశములో ప్రేగుకు క్షయ కూడ పట్టును. దానికిని క్రోన్స్ వ్యాధికిని భేదము కనుగొనుట వైద్యులకే కష్టము. క్షయకు ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చును, అది నయమగును. ఏదియైనను పరీక్షించిననే తెలియును. ఒళ్లు నొప్పులకు వేయు డైక్లోఫెనాక్ వంటి సూదులు, మాత్రలు ఈ రోగమును రేపవచ్చును గనుక సూది వేయువారికి ముందే మీ రోగము చెప్పుడి. చుట్ట, బీడీ త్రాగువారికి క్రోన్స్ వ్యాధి ముదురును. జ్వరముతో కూడ దినమునకు ఆరుమార్లకు మించి రక్తవిరేచనములైనను, కడుపు ఉబ్బి గట్టిపడినను తెల్లవారువరకు ఆగక పెద్ద ఆసుపత్రికి పోవలెను. విరేచనములచేత నీరసించినప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదారయు అర చెంచా ఉప్పును కలిపి త్రాగవచ్చును.

రోగము వచ్చిన ఎనిమిదేండ్లనుండి అప్పుడప్పుడు గొట్టపు పరీక్ష చేయించుకొనుడని వైద్యులు చెప్పుదురు. ఏలయనగా కాలక్రమమున పెద్దప్రేగులో కేన్సరు పుట్టు అపాయము పెరుగును. ముందుగా కనుగొనినది బాగుచేయుటకు వీలగును.

4. బిడ్డలతో ఏమి చెప్పవలెను

వయస్సును బట్టి చెప్పుడి, అబద్ధము చెప్పకుడి. మా చిన్నవానికి అప్పుడు అయిదేండ్లు. “నాన్న కడుపులో పుండు ఉంది, అందుకే దొడ్లోకి పరుగెత్తుతాడు” అనినది వానికి చాలెను. పెద్దదానికి రోగపు పేరును, మాత్ర పేరును చెప్పితిమి. ఏ వయస్సు బిడ్డకైనను ఈ నాలుగు సంగతులు తెలియవలెను: ఇది నీ వలన రాలేదు, ఇది నీకు అంటదు, నేను మందు పుచ్చుకొనుచున్నాను, నేను ఆసుపత్రిలోనున్న దినమున నీకు అన్నము పెట్టువారు ఫలానా అత్త, నిన్ను బడికి తీసికొనిపోవువారు ఫలానా బాబాయి. ఈ నాల్గవది బిడ్డకు అన్నిటికంటె ముఖ్యము.

“నువ్వు చచ్చిపోతావా?” అని అడిగిన యెడల కసరవద్దు. ఈ రోగముగల పెక్కుమంది మందులతో పిల్లలను పెంచి, పెండ్లిండ్లు చేసి, మనుమలను ఎత్తుకొనుచున్నారని చెప్పవచ్చును, అది నిజము. మన దినములు ప్రభువు చేతిలోనున్నవనియు చెప్పవలెను, అదియు నిజము. రెండింటిలో ఒకటి విడిచి ఒకటి చెప్పకుడి.

“నాకూ వస్తుందా?” అని పెద్ద పిల్లలు అడుగుదురు. తలిదండ్రులలో ఒకరికి ఉన్నయెడల బిడ్డకు వచ్చు అవకాశము ఇతరులకంటె కొంత ఎక్కువ; అయినను అట్టి పిల్లలలో పెక్కుమందికి ఎన్నడును రాదు. బిడ్డకు రక్తము పడినను, ఎదుగుదల నిలిచిపోయినను ఆలస్యము చేయక చూపించవలెను. అంతవరకు ఊరక భయపెట్టరాదు.

5. చేతులు బరువెక్కిన దినములు

అమాలేకీయులతో యుద్ధదినమున మోషే చేతులు బరువెక్కెను. దేవుడు అతని చేతులకు అద్భుతముగా బలమియ్యగలవాడే. అయినను రాయి తెచ్చి కూర్చుండబెట్టుటకును, ఇరుప్రక్కల చేతులు పట్టుకొనుటకును అహరోనును హూరును ఉంచెను. మోషే కూర్చుండియే తన పని నెరవేర్చెను. రోగియైన తండ్రికి ఇందులో రెండు పాఠములు కలవు.

మొదటిది, నిలువలేని దినమున కూర్చుండి చేయగల పనిని విడువరాదు. రోగము రేగిన దినములలో మేము పొలము గట్టుమీదికి పిల్లలతో పోలేము, గాలిపటము ఎగురవేయలేము. అయితే మంచముమీదనుండి ఎక్కములు అప్పజెప్పించుకొనగలము. యోసేపు కథ చెప్పగలము. బడిలో ఏమి జరిగెనో వినగలము. మేము ఆరోగ్యముగా నున్న దినములకంటె ఆ దినములలోనే మా చిన్నవాడు మాతో ఎక్కువ మాట్లాడెనని మా ఇంటివారు చెప్పినప్పుడు మాకు సిగ్గును సంతోషమును కలిగెను.

రెండవది, మన చేతులు పట్టుకొనవలసినది పెద్దలు, బిడ్డలు కారు. మంచినీళ్లు తెచ్చియిచ్చుట, తమ్మునికి చొక్కా తొడుగుట బిడ్డకు తగిన సహాయమే. అయితే తల్లికి జబ్బని పెద్దపిల్లను బడి మాన్పించి వంటకు పెట్టిన ఇండ్లను మన పేటలలో మేము చూచియున్నాము. ఆ పిల్ల కాదనలేదు గనుక సమ్మతించినదని అనుకొనుచున్నారు. మన రోగము మన బిడ్డ చదువును కూడ తినివేయకుండ చూచుకొనుడి.

ఇక కోపమును గూర్చి ఒక ఒప్పుకోలు. రోగము రేగినప్పుడు వైద్యులు కొంతకాలము స్టీరాయిడు మాత్రలిత్తురు. వాటివలన నిద్ర పట్టదు, చిన్నదానికే చిరాకు పుట్టును. ఆ మాత్రలను వైద్యుడు చెప్పక హఠాత్తుగా మానుటయు అపాయమే. అట్టి దినములలో ఒకనాడు, నీళ్ల బిందె దొర్లించినందుకు మా చిన్నవానిని కొట్టితిమి. వాడు ఏడ్వక మా ముఖము చూచెను. ఆ రాత్రి ప్రార్థనకు ముందు వానిని పిలిచి, “నాన్నది తప్పు, నన్ను క్షమించు” అని అడిగితిమి. మాత్రమీద నెపము పెట్టలేదు. మందు మన కోపమునకు కారణము కావచ్చును, కాని బిడ్డ వీపునకు అది ఓదార్పు కాదు. తండ్రి క్షమాపణ అడుగుట చూచిన బిడ్డ, పరలోకపు తండ్రిని క్షమాపణ అడుగుట నేర్చుకొనును.

చిన్న ఏర్పాట్లు కూడ ఇంటికి నెమ్మది కలుగజేయును. మరుగుదొడ్డికి పోవు త్రోవలో రాత్రి దీపముంచుడి. తొట్టిలో నీళ్లు ఎల్లప్పుడు ఉండనియ్యుడి. ప్రయాణమునకు ఒక జత బట్టలతో చేతిసంచి సిద్ధముగా నుంచుడి. బస్సు ఎక్కినప్పుడు కండక్టరుతో మెల్లగా చెప్పిన యెడల, పెక్కుమంది కనికరించి బండి ఆపుదురు. రోగము రేగిన దినములలో ఆవకాయ, మిరపకారము మాని మెత్తని అన్నము, గంజి, పలుచని పప్పు తినుట మాకు మేలుగా నుండెను. అందరికి ఒకే పథ్యము సరిపోదు గనుక ఎవరికేది పడునో వారే కనిపెట్టవలెను. మన పథ్యమును ఇంటిల్లిపాదికి పెట్టరాదు. ఆదివారము పిల్లలు చేపల పులుసు తినుచుండగా మనము గంజి త్రాగుచు నవ్వగలిగిన యెడల అదియు ఒక ప్రసంగమే.

6. తల్లులకును తల్లి కాబోవువారికిని

ఈ రోగముగల పిల్లకు పెండ్లి కాదు, బిడ్డలు పుట్టరు అను మాట సరికాదు. రోగము అణగియున్న కాలమున గర్భము ధరించిన స్త్రీలలో పెక్కుమంది క్షేమముగా ప్రసవించుచున్నారు. కడుపులో బిడ్డకు చెరుపని అత్తగారో పొరుగువారో చెప్పగా మందులు మానుకొనిన యెడల రోగము రేగి తల్లికిని బిడ్డకును అపాయము కలుగును. ఈ రోగపు మందులలో పెక్కింటిని గర్భకాలమందును, పాలిచ్చునప్పుడును వాడవచ్చును. అయితే మెథోట్రెక్సేట్ అనునది గర్భిణి ఎంతమాత్రము వాడరాదు. గర్భము రాకమునుపే వైద్యునితో మాట్లాడి మార్చుకొనవలెను. గర్భకాలమున ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి సూదిమందు పుచ్చుకొనిన తల్లి ఆ సంగతి ప్రసూతి వైద్యునికి తప్పక చెప్పవలెను. పుట్టగానే వేయు బి.సి.జి. టీకాను అట్టి బిడ్డకు ఎప్పుడు వేయవలెనో వారు నిర్ణయింతురు.

7. మందును ప్రార్థనయు

మందు పుచ్చుకొనుట అవిశ్వాసమా? తిమోతికి తల్లియైన యూనీకే, అవ్వయైన లోయి విశ్వాసము నేర్పిరి. అట్టివానికిని కడుపు జబ్బు తరచుగా వచ్చుచుండెను. పౌలు అతనికి విశ్వాసము చాలలేదని వ్రాయలేదు. ఆ దినములలో మందుగా తెలిసిన కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. కల్లుపాకకు పోవువారు ఈ వచనమును చూపుదురని మేమెరుగుదుము. పౌలు చెప్పినది కొంచెము, రోగికి, మందుగా. ఈ కాలమున మన కడుపునకు తగిన మాత్రలు కలవు గనుక పౌలు మాటలోని భావము చొప్పున మాత్ర వేసికొనుడి.

ఆ మాత్రల వెనుక మన గోదావరి బిడ్డ ఒకడు కలడు. 1895లో భీమవరములో పుట్టి, రాజమహేంద్రవరములో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్ది దినముల తేడాలో సంగ్రహణి రోగముచేత చనిపోయిరి. ఆయనకును ఆ రోగము వచ్చి తగ్గెను. సంగ్రహణి వేరు, మా రోగము వేరు. అయినను రెండును ప్రేగులను పీడించునవే. వెంకమ్మగారను ఆ తల్లి దుఃఖమును ఊహించుడి. సుబ్బారావుగారు 1923లో అమెరికా వెళ్లి, ఏండ్ల తరబడి శ్రమపడిరి. 1945లో ఆయనయు ఆయన తోడివారును ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిరి. అది సంగ్రహణికి మందాయెను. ఆయన 1948లో న్యూయార్కులో మరణించిరి. నేడు మావంటి రోగులు కొందరు వాడు సల్ఫాసలజీన్ మాత్ర దేహమునకు ఫోలిక్ ఆమ్లము అందకుండ చేయును గనుక, దానితోకూడ వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇత్తురు. ఆ చిన్న మాత్ర వేసికొనినప్పుడెల్ల మేము ఆ మనుష్యుని బట్టి దేవునికి స్తోత్రము చెల్లించుచున్నాము. దేవుడు తన మేలులను ఎవరి చేతులగుండ పంపినను ఆయన మేలులే.

మా సంఘములో కౌలుకు సాగుచేయు ఒక సహోదరుడు, కుమార్తె కళాశాల రుసుము కట్టవలెనని నాలుగు నెలలు మందులు మానెను. తండ్రి ప్రేమచేతనే మానెను. తరువాత రోగము రేగి ఆసుపత్రిలో పడగా, రుసుమునకు మించిన అప్పు ఆయెను. ఆ పిల్ల పరీక్షకూడ పోయెను. “నా మందుకంటే దాని చదువు ముఖ్యమనుకున్నానండీ” అని ఆయన మాతో అనెను. సహోదరులారా, బిడ్డకు మీ రుసుముకంటె మీరు కావలెను. డబ్బు లేనప్పుడు మందు మానక ముందే సంఘముతో చెప్పుడి. ప్రభుత్వ ఆరోగ్య పథకము క్రింద ఏమి దొరకునో ఆసుపత్రిలో అడుగుడి.

8. సంఘము చేయవలసినది

పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనసమూహము వెనుకనుండి దొంగతనముగా వచ్చెను (మార్కు 5:25-34). ఆమెకు ముందునుండి వచ్చుటకు ధైర్యము లేకపోయెను. మన ఆరాధనలలో వెనుక వరుసలో కూర్చుండి, మాటిమాటికి లేచిపోవువారిని చూచి మెడలు త్రిప్పకుడి. మందిరపు ఆవరణలో తలుపునకు గడియయు, తొట్టిలో నీళ్లును గల మరుగుదొడ్డి ఉండనియ్యుడి. కోత పండుగనాటి రంగుకాగితములకంటె అది ముందు కావలెను. ఆకులు, వేళ్లు తెచ్చి మందులు మానుమని బలవంతపెట్టకుడి. శస్త్రచికిత్స జరిగి పొట్టమీద సంచి పెట్టుకొనిన సహోదరులు, సహోదరీలు ఉందురు. వారు మనవలెనే ప్రభువు బల్లకు రాదగినవారు. స్త్రీల సమాజమువారు ఆ ఇంటికి ప్రార్థనకు పోవునప్పుడు ఒక గిన్నె అన్నము, ఒక గిన్నె కూరయు పట్టుకొని పోవుడి. తిరిగి వచ్చునప్పుడు ఆ ఇంటి పిల్లలను ఒక సాయంకాలము మీ ఇంట ఆడుకొననియ్యుడి.

మా రోగమును మేము సంఘముతో చెప్పిన ఆదివారమున, మమ్మును ఆ ప్రశ్న అడిగిన పెద్దగారు లేచి నిలువబడిరి. ఏమియు అనలేదు, తల వంచుకొనిరి. నాటినుండి మొదటి ఆదివారములలో ఆయన బల్ల ప్రక్కనే కూర్చుండుచున్నారు. మేము పళ్లెము దింపి ఆయనవైపు చూచిన యెడల, ఆయన లేచి కీర్తన ఎత్తుకొందురు. మేము తిరిగివచ్చువరకు సంఘము పాడుచుండును. మేము ప్రక్క వాకిలి గుండ లోపలికి వచ్చునప్పుడు ఎవరును మావైపు చూడరు. ఇట్టి హూరును దేవుడు మాకిచ్చెను.

మా పెద్దమ్మాయి ఇప్పుడు ఇంటరు చదువుచున్నది. ఆ లెక్కల పుస్తకము మా బైబిలుతో కూడ బల్లమీద నున్నది. గీతలు ఆ రాత్రితోనే ఆగిపోయినవి. రోగము ఆగలేదు, మొన్న వర్షకాలములోకూడ రేగెను. అయితే ఇప్పుడు గడియ చప్పుడైనప్పుడు లోపలినుండి, “నాన్నా, దీపం వెయ్యనా?” అని వినబడును. ఆ మాట చాలును.

తండ్రి తన బిడ్డలయెడల జాలిపడునట్లు మన దేవుడు మనయెడల జాలిపడుచున్నాడు. మనము మంటివారమని ఆయనకు తెలియును. ఆ తండ్రి కృప మీ ఇండ్లలోని ప్రతి రోగశయ్యకును, దాని ప్రక్కన నిలిచిన ప్రతి బిడ్డకును తోడైయుండును గాక. ఆమేన్.

చర్చించుటకు ప్రశ్నలు

1. యెహోరాము రోగమునకును పొప్లి తండ్రి రోగమునకును గల భేదమేమి? రోగిని చూడబోయినప్పుడు మనము ఎవరివలె మాట్లాడుచున్నాము?

2. మన ఇంటిలో పిల్లలనుండి దాచియుంచిన రోగమేదైనను కలదా? దానిని గూర్చి వారు ఏమని తలంచుచున్నారో ఎన్నడైనను అడిగితిమా?

3. మన సంఘములో ఎవరి చేతులు బరువెక్కియున్నవి? ఈ నెలలో వారి చేతులు పట్టుకొనువారెవరు?

ప్రార్థనాంశములు

దీర్ఘరోగముతో బిడ్డలను పెంచు తలిదండ్రుల కొరకు; తలిదండ్రుల రోగమును చూచి రాత్రులు నిద్రపట్టని బిడ్డల కొరకు; మందులకు డబ్బు లేని కుటుంబముల కొరకు; వైద్యులు, నర్సుల కొరకు; మన మందిరములు రోగులకు వెరపులేని స్థలములగునట్లును ప్రార్థించుడి.